మళ్ళా రమ్మనకూడని చోట

నన్ను ఇబ్బంది పెట్టినవాళ్ళందరూ బతికున్న మనుషులే. వాళ్ళ పేర్లు, అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. అందువల్ల దయ్యాలకు భయపడే తీరిక నాకెప్పుడూ దొరకలేదు. మా బంధువుల్లో ఎవరైనా అమావాస్య, చింతతోపు అని మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇది కూడా ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను హోసూరులో పన్నుల లెక్కలు చూసే పని చేస్తాను. మాది బాగలూరు పక్కన సేద్యం చేసుకునే కుటుంబం. మొన్నమొన్నటి వరకు నా ఆఫీసు ఒక కాంప్లెక్సులో, రెండో అంతస్తులో ఉండేది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పూలతోటల రైతులు ఎక్కువ, వాళ్ళలో మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు ఎక్కువ. మెట్లెక్కి ఆయాసపడతారని వాళ్ళ కోసం నడవాలో కుర్చీలు వేయించాను. ఒకరోజు వచ్చేసరికి కుర్చీలు లేవు. అడిగితే ఓనరు అందరి ముందూ, "ఇదేమన్నా సత్రమామ్మా? వచ్చినోళ్ళంతా కూర్చుంటే ఎట్ల?" అన్నాడు.

ఆ మాట నేను మరచిపోలేదు. మరచిపోయే ఉద్దేశం కూడా లేదు.

ఆ కాంప్లెక్సు ఖాళీ చేసి, పాత వీధుల్లో మూతపడి ఉన్న, నడుమ పైకప్పు లేని ఒక తొట్టి ఇంటిని తీసుకున్నాను. వచ్చినవాళ్ళను ఎవరూ బయట నిలబెట్టని చోటు ఒకటి ఈ ఊర్లో ఉండాలని నా పట్టుదల. ఎత్తయిన గడప తీసేసి, వీల్‌చైరు ఎక్కేలా ర్యాంపు కట్టించాను. నడుమ ఉన్న తొట్టిపైన అద్దం పైకప్పు వేయించి, కింద కుర్చీలు, పిల్లలకు ఒక చాప పెట్టించాను. ధాన్యం పోసుకునే గది పిల్లల డాక్టరు రేవతికి ఇచ్చాను. పడమటి గదిలో ఫిజియోథెరపీ. వంటిల్లు వకీలు గారికి, పక్క గది నాకు. బోర్డు మూడు భాషల్లో రాయించాను.

వీధి తలుపు పక్కన ఉన్న అరుగును, అంటే మేము తిన్నె అనేదాన్ని, మాత్రం ముట్టుకోలేదు. మేస్త్రీ కొట్టేద్దామన్నాడు. నల్లగా నున్నగా ఉన్న ఆ రాయిని చూసి నాకు మనసొప్పలేదు. ముసలివాళ్ళు కాసేపు కూర్చోవడానికి పనికొస్తుందని ఉంచేశాను.

అన్నీ బాగానే సాగాయి. డాక్టరు రేవతికి పేరుంది. ఆమె కోసం వచ్చిన తల్లులే మిగతావాళ్ళకు మమ్మల్ని చెప్పారు. ఆమె ఉంటేనే ఆ చోటు నిలబడుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒకరోజు ఒక తల్లి, వీధి తలుపు దాటినదల్లా బిడ్డను చంకనేసుకుని వెనక్కి వచ్చింది.

"ఏమమ్మా, మీ ఆస్పత్రిలో పోయేవాళ్ళకి 'మళ్ళా వచ్చిపోతా ఉండు' అని చెప్తారా? నా బిడ్డకి మళ్ళా జ్వరం రావాల్నా మీకు?"

ఇంట్లోంచి వెళ్ళేవాళ్ళతో మళ్ళా రమ్మని అనకపోతే మాకు మర్యాద కాదు. ఆస్పత్రిలోంచి వెళ్ళేవాళ్ళతో ఆ మాట అంటే అంతకంటే పెద్ద తప్పు లేదు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేదు.

నాకు వెంటనే అనుమానం రిసెప్షన్‌లో ఉన్న మంజుల మీదికి పోయింది. ఆమె ఇంతకుముందు చీరల అంగట్లో పని చేసింది. అక్కడ ఆ మాట అనకపోతేనే తిడతారు. అలవాటుగా నోరు జారి ఉంటుందని గట్టిగానే అన్నాను.

"నేను అనలేదక్కా," అంది మంజుల. "ఇది అంగడి కాదని నాకు తెలీదా?"

నేను వినిపించుకోలేదు. అదే వారంలో ఇంకా కొందరు అదే ఫిర్యాదు చేశారు. ఆ తర్వాత మంజుల వాళ్ళ అక్క కూతురి పెళ్ళికని సామల్పట్టి వెళ్ళింది. ఆమె లేని రోజున కూడా ఫిర్యాదు వచ్చింది.

డాక్టరు రేవతి నన్ను గదిలోకి పిలిచింది. మెత్తగా మాట్లాడే మనిషి. "అక్కా, ఒకసారి తల్లుల మనసులో పడిందంటే తీయలేము. ఈ నెల చూస్తాను. అప్పటికీ ఇట్లే ఉంటే నేను వేరే చోటు చూసుకోవాల," అంది.

ఇది కచ్చితంగా కాంప్లెక్సు ఓనరు పనే అనుకున్నాను. ఎక్కడో స్పీకరు పెట్టించి ఉంటాడు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి తలుపు, దూలాలు, మీటరు పెట్టె, అన్నీ విప్పించాను. ఏమీ దొరకలేదు. దొరకనందుకు నాకు కోపం ఇంకా పెరిగింది.

మరుసటి రోజు పొద్దున పని మానుకుని, వెళ్ళేవాళ్ళ దారిలోనే తిన్నె మీద కూర్చున్నాను. మాట అనేవాళ్ళెవరో కళ్ళారా చూడాలని.

ఫ్యాక్టరీలో పని చేసే ఒకాయన, తమిళాయన, కూతుర్ని నడిపించుకుంటూ బయటికొచ్చాడు. నా ముందు ఆగాడు. నన్ను చూడలేదు. నా ఎడమ పక్కకు చూశాడు. ముఖం మాడిపోయింది. అప్పుడు నా వైపు తిరిగి, "ఏమ్మా, ఆస్పత్రిలో ఎవరన్నా 'అడిక్కడి వందుట్టు పోంగ' అంటారా?" అన్నాడు. తరచుగా వచ్చిపోతూ ఉండమని ఆ మాటకు అర్థం.

"ఎవరన్నారు?" అన్నాను.

"మీ పక్కన కూర్చోనుండే పెద్దమ్మ."

నా పక్కన నా చేతిసంచి, నీళ్ళ సీసా ఉన్నాయి.

కాసేపటికి ఒక పూలరైతు, ఇంట్లో కన్నడం మాట్లాడేవాడు, అక్కడే ఆగాడు. అతను విన్నది కన్నడంలో. నేను ఏ భాషలోనూ ఏమీ వినలేదు. నా చెవులు బాగానే పని చేస్తాయి. తర్వాత తలుపు పైనున్న కెమెరాలో చూశాను. ఇద్దరూ ఒకే చోట ఆగారు. ఇద్దరూ ఒకే వైపు, కూర్చున్న మనిషి ముఖం ఉండే ఎత్తుకు, తల వంచి చూశారు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

ఇంతకుముందు ఆ ఇంట్లో ఉండిన ముసలామె ఎవరో అయి ఉంటుందని ఎదురింటి పెద్దాయన్ను అడిగాను. ఆయన నవ్వాడు. "ఆ ఇంట్లోనా? దాహానికి నీళ్ళడిగితే తలుపేసుకునేవాళ్ళమ్మా వాళ్ళు. తిన్నె మీద ఎవరూ కూర్చోకుండా గాజుపెంకులు పరిచిపెట్టినారు. రమ్మని పిలిచే ముసలమ్మ యాడనుంచి వస్తాది?"

సమాధానం వస్తుందనుకున్న చోట అదీ లేకపోయింది. అయితే నాకు చేతనయిన విద్య ఒకటుంది. మునిసిపాలిటీ అయినా, కరెంటాఫీసు అయినా, ఎదురుగా నిలబడి ఫిర్యాదు చేయడం. ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, తిన్నె ముందు నిలబడ్డాను. తుడవడానికని వచ్చిన మంజుల తలుపు దగ్గర ఆగి చూస్తోంది.

"చూడమ్మా," అన్నాను. "నువ్వెవరో నాకు తెలీదు. పిలిచేది మంచి బుద్ధే, కాదనను. ఈ చోటు నేను కట్టించింది కూడా దానికే. అయితే ఈడికి వచ్చేవాళ్ళు జబ్బుతో వస్తారు. వాళ్ళని మళ్ళా రమ్మనకూడదు. చెప్పకుండా ఉండలేనంటావా, 'ఇంక నీకు ఈడ పని పడకూడదప్పా, సుఖంగా ఉండు' అని చెప్పు. డాక్టరమ్మ పోయిందంటే ఈ తలుపు మళ్ళా మూతపడతాది. అప్పుడు నువ్వు పిలిచేదానికీ ఎవరూ ఉండరు."

చెప్పాల్సింది చెప్పి పక్కకు తప్పుకున్నాను.

"నన్ను కూడా ఇంత మర్యాదగా అడిగింటే బాగుండేదక్కా," అంది మంజుల, బకెట్టు తీసుకుని లోపలికి పోతూ.

సోమవారం, ఫిజియోథెరపీకి వచ్చే ఒక తాత బయటికి వెళ్తూ తిన్నె దగ్గర ఆగాడు. చేతికర్ర ఆనించి, గోడకు దండం పెట్టాడు. నేను పరుగున వెళ్ళి ఏమైందని అడిగాను.

"ఆయమ్మ భలే మాట అనిందమ్మా. 'ఇంక నీకు ఈడ పని పడకూడదప్పా' అనింది. ఇంట్లో నా కోడలు గూడా అట్ల చెప్పింది లేదు."

ఆ రోజు నుంచి ఫిర్యాదు రాలేదు. తల్లులు బయటికి వెళ్తూ తిన్నె దగ్గర బిడ్డ తల నిమిరి వెళ్తున్నారు. నెలాఖరుకు డాక్టరు రేవతి తన పేరు చెక్కించిన ఇత్తడి పలక తెచ్చి, తలుపు పక్కన బిగించమంది. వకీలు గారి దగ్గరికి వచ్చేవాళ్ళయితే మరీ సంతోషంగా పోతున్నారు. కోర్టు పని మళ్ళా పడకూడదంటే ఎవరికి చేదు? నా దగ్గరికి వచ్చే ఒక వ్యాపారి మాత్రం, పన్నుల పని పడకూడదంటే వ్యాపారం పోవాలన్నట్టే కదా అని నొచ్చుకున్నాడు. అతనికి నేనే సర్దిచెప్పాను.

నేను చెప్పింది తెలుగులో. తమిళం వాళ్ళు తమిళంలో, కన్నడం వాళ్ళు కన్నడంలో వింటున్నారు. అదెలాగో నాకు తెలియదు. వినేవాళ్ళు ఎవరికి వాళ్ళు ఊహించుకుంటున్నారని ఒక చదువుకున్నాయన అన్నాడు. ఆ పూలరైతు, ఫ్యాక్టరీ మనిషి కలిసి మాట్లాడుకుని ఊహించుకున్నారా అని అడిగితే ఆయన మాట మార్చాడు. ఆ సంగతీ గుర్తు పెట్టుకున్నాను.

మంజుల విన్నది. డాక్టరు రేవతి విన్నది. పాలు పోసే మనిషి కూడా విన్నాడట. రోజూ అందరికంటే చివర తాళం వేసి దిగేది నేను. తిన్నె ముందు కాసేపు నిలబడతాను. నాకు మాత్రం ఇంతవరకు రమ్మనీ చెప్పలేదు, రావద్దనీ చెప్పలేదు.