చింతచెట్టు దాకా వెళ్లిన రెండు కాలర్లు

కాలేజీ వాసన ఇంకా వదలని ఆ రోజుల్లో, నాకు తెలియనిది లోకంలో ఏదైనా ఉంటే అది సిలబస్‌లో లేనిదై ఉంటుందని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇప్పుడా నమ్మకం పోయింది, జుట్టూ పోయింది.) దోణిమలై అవతలి కొండవాలులో లోతైన పరీక్ష బోరు వేసే పని. అది సవ్యంగా దిగితేనే నా ఉద్యోగం ఖాయమని మేనేజరు ముందే చెప్పాడు. బోరు అడుగున తిరిగే బిట్టు రాయిని కొరకాలంటే దాని మీద బరువుండాలి. అందుకని అడుగున డ్రిల్ కాలర్లనే మందపాటి గొట్టాలు తగిలిస్తారు. వాటి పైన ఉండేవి సన్న గొట్టాలు, అవి వేలాడాలే తప్ప బరువు మోయలేవు. వేలాడటం ఆగి మోయడం మొదలయ్యే చోటే న్యూట్రల్ పాయింట్. అది కాలర్లు దాటి పైకెక్కిందా, సన్న గొట్టం వంగుతుంది, ఆపైన విరుగుతుంది. నేను ల్యాప్‌టాప్ వేడెక్కేలా లెక్కకట్టి ఐదు కాలర్లు చాలన్నాను.

మా డ్రిల్లరు పాత మిషన్ చర్చి కుటుంబం మనిషి. బోరు మిషను తిరుగుతున్నంతసేపూ చర్చి కీర్తనలు పాడుతూనే ఉంటాడని అందరూ కీర్తనలప్ప అనేవారు. ఆయన లారీలోంచి ఏడు కాలర్లు దింపించాడు.

"ఏందప్పా ఇది? లెక్క ఐదు కదా!" అన్నాను.

"ఉండనీ సార్. సుమ్నే, ఊరికే పడుంటాయి. అన్నమడుగుతాయా, నీళ్లడుగుతాయా?"

"నా లెక్క మీద నమ్మకం లేదా? ఆ రెండూ వెనక్కి పంపెయ్."

"సరే సార్," అని పాటలో పడ్డాడు.

మూడో రోజు పాట ఆగింది. (మా దగ్గరున్న ఏ మీటరు కంటే ఆ పాటే నమ్మకమైనది.) గొట్టాలు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. కీర్తనలప్ప మిషను ఆపించి, ఒక సమ్మెటకు తాడు కట్టి, పక్కనున్న బురదగుంటలోకి దించి, తాడు నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు పైకి లాగు సార్. యాడ బరువెక్కువుండాది?"

బురద దాటగానే చెయ్యి దిగిపోయింది.

"బోరులో ఉండేదీ బురదే కదప్పా," అన్నాడు మెల్లిగా.

అప్పుడు వెలిగింది. బిట్టు వేడెక్కకుండా బోరు నిండా పోసే బురద ఇనుము బరువులో కొంత తానే మోసేస్తుంది. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉన్న ఆ సంగతి మరిచి, గాలిలో వేలాడే కాలర్లకు లెక్క కట్టాను. కాలర్ల బరువులోంచి బురద మోసేది తీసేసి, జాగ్రత్తకు కొంత కలిపితే కావలసినవి సరిగ్గా ఏడు! నా ఉద్యోగం కళ్ల ముందే బోరులోకి దిగిపోతోంది.

"ఆ రెండూ పంపేసినారా అప్పా?" అన్నాను. (మర్యాద దానంతటదే వచ్చింది.)

"పంపినా సార్. ఆ చింతచెట్టు దాకా," అని పక్కనే ఉన్న చెట్టు చూపించాడు.

గొట్టాలన్నీ పైకి లాగి ఆ రెండూ తగిలించారు. పాట మళ్లీ మొదలైంది, బోరు నిటారుగా దిగింది. మేనేజరు వచ్చి నా భుజం తట్టి, "నీ లెక్క తుంబా చెన్నాగుందప్పా, చాలా బాగుంది!" అన్నాడు. నేను కీర్తనలప్ప వైపు చూశాను. "అంతా సార్ లెక్కే," అన్నాడాయన, నవ్వకుండా. నేను అవుననలేదు, కాదనలేదు. ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు కుర్ర ఇంజినీర్ల లెక్కలు నా బల్ల మీదికి వస్తాయి. కోప్పడబోతే చింతచెట్టు గుర్తొస్తుంది. కీర్తనలప్ప పని మానేసి హగరి అనే ఊళ్లో ఉంటున్నాడు. పోయినేడు వెళ్లి, ఆ రోజు నోరు విప్పనందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉందని చెప్పాను.

"ఆ పక్కకి లాగలేదు, ఈ పక్కకి తొయ్యలేదు. నడిమధ్య నిలబడితివి," అన్నాడు. "న్యూట్రల్ పాయింట్ నువ్వు కరెక్టుగా పట్టింది ఆ పొద్దొక్కటే కదప్పా!"

నవ్వాను. నాకు నిజంగా కావలసిన మెప్పు ఇన్నేళ్లకు దొరికింది.