తార్నాకలో ఆగిన కారు

అరవయ్యో దశకం చివర్లో నేను విశ్వవిద్యాలయంలో చదువుతూ, అక్కడే లెక్చరరైన బావ క్వార్టర్స్‌లో ఉండేవాణ్ని. ఒక మధ్యాహ్నం అక్కకు నొప్పులు మొదలయ్యాయి. బావ పాత కారులో ఆసుపత్రికి బయలుదేరాం. తార్నాక చేరేసరికి ఇంజన్ నుంచి ఆవిరి చిమ్మి బండి ఆగిపోయింది.

వెనక సీట్లో అక్క మూలుగులు వింటూనే గబగబా దిగి బానెట్ ఎత్తాను. రేడియేటర్ మూత తీయబోయాను.

"ముట్టకురా, మొఖం కాలుతది!" అంటూ బావ నా చెయ్యి లాగేశాడు.

ఇంజన్ కాస్త చల్లారాక, పక్క హోటల్ నుంచి బిందెతో నీళ్లు తెచ్చి పోశాం. పోసినవి పోసినట్టే రోడ్డు మీదికి కారిపోయాయి. బావతో పాటు నేనూ కారు కిందికి వంగి చూశాను. రేడియేటర్ అడుగున నీళ్లు వదిలే కుళాయి వదులై తెరుచుకుంది. పొద్దున రేడియేటర్ కడిగి దాన్ని మూసింది నేనే.

"ఏమైందయ్యా? బిడ్డ గీడనే పుడ్తదా ఏంది?" అక్క ఏడుస్తోంది.

బావ కుళాయి బిగించి, నా ముఖం చూసి, "నీళ్లు పోసుడు నేనే మర్చిపోయిన," అన్నాడు.

మళ్లీ నీళ్లు నింపి బయలుదేరాం. ఆసుపత్రి చేరిన కాసేపటికే మేనకోడలు పుట్టింది. ఇప్పటికీ దాని ప్రతి పుట్టినరోజుకూ అక్క, "మీ నాయన మతిమరుపుకు నువ్వు తార్నాక రోడ్డు మీదనే పుట్టేదానివి," అంటుంది. అందరూ నవ్వుతారు. బావ కూడా నవ్వుతాడు.

అక్కా, ఆ కుళాయి సరిగా బిగించనిది నేను. బావను ఇక వదిలెయ్యి.