స్క్రూప్ తెలిసిన వరమ్మ

మా అమ్మమ్మ వరమ్మకు చదువు రాదు. ఇంగ్లీషులో ఒక్క మాట మాత్రం మా మాస్టర్లకంటే బాగా వచ్చు: స్క్రూప్. పట్టును గుప్పిట్లో నలిపితే వచ్చే కరకర చప్పుడుకు ఆ పేరు. ఏలూరు మిషన్ బంగళాలో దొరసాని బట్టలు ఉతికేటప్పుడు నేర్చుకుంది. ఆ చప్పుడే మాటయిందని, మొదట్లో తలుపు కిర్రుమన్నా అదే అనేవారని దొరసాని చెప్పిందట. మూడో ఫారం రెండుసార్లు తప్పిన నాకు అమ్మమ్మ ఈ ఒక్క పాఠం వందసార్లు చెప్పి ఉంటుంది.

దొరసాని సీమకు వెళ్లిపోయాక, పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగులో, అమ్మమ్మ పెద్దిళ్ల పట్టుబట్టలు శుభ్రం చేసి బతికేది. బట్టల కొట్టు హనుమంతరావు గారి భార్య రత్నాంబ గారి పెళ్లిచీర మీద నెయ్యి ఒలికితే అమ్మమ్మకే ఇచ్చారు. మరక పోయింది. దాంతోపాటు చప్పుడూ పోయింది.

కొట్టు నిండా జనం ఉండగా హనుమంతరావు గారు పిలిపించారు.

"ఇది మా చీర కాదమ్మా. పట్టయితే పలుకుతుంది. మార్చేశావు."

"మార్చలేదండి. సబ్బుకి పోతుందండి ఆ చప్పుడు. నాలుగు నిమ్మకాయలు, బేసిన్‌తో నీళ్లు ఇప్పించండి."

"దొంగతనానికి నిమ్మకాయ మందన్నమాట," అని గుమాస్తా అప్పారావు నవ్వాడు.

అమ్మమ్మ చీరను పులుపు నీళ్లలో ముంచి, వెనక వసారాలో ఆరేసి పక్కనే కూర్చుంది. లేస్తే మళ్లీ మార్చావంటారని మంచినీళ్లకైనా లేవలేదు. ఆరాక అందరి ముందూ రత్నాంబ గారి చెవి దగ్గర నలిపింది. చీర కరకరలాడింది.

అక్కడితో ఊరుకుంటే మా అమ్మమ్మ ఎందుకవుతుంది?

"చప్పుడు పులుపుదండి. ఇంగ్లీషులో స్క్రూప్ అంటారు. నాసిరకం పట్టుకైనా తెప్పిస్తాను."

తాడేపల్లిగూడెం నుంచి బేరానికి వచ్చిన సూర్యకాంతం గారు చెవి దగ్గర నలిపి చూస్తున్న కొత్త చీరను కింద పెట్టేసింది. "అయితే ఇందాకట్నుంచి మాకు వినిపిస్తున్నది నిమ్మకాయలాండీ?"

హనుమంతరావు గారు ముప్ఫై ఏళ్లుగా చీరలను అలా వినిపించే అమ్ముతున్నారు. అయినా కోప్పడలేదు. "నువ్వు దొంగవి కావు వరమ్మా, వెళ్లిరా," అన్నారు మెత్తగా.

సాయంత్రానికి అప్పారావు పెద్దిళ్లన్నీ తిరిగాడు. "వరమ్మ పట్టుకి ఆసిడ్ పోస్తుందండి. ఏడాదిలో చీర పీలికలైపోతుందండి."

వారం తిరిగేసరికి ఏలూరులో ఆవిడ చేతికి గుడ్డ ఇచ్చే ఇల్లు లేదు. కొట్టు వెనక వసారాలో మాత్రం, చప్పుడు తగ్గిన చీరలను అప్పారావు నిమ్మనీళ్లలో ముంచడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ మండవల్లి పోయి పదహారేళ్లు మోకాలిలోతు బురదలో ఊడ్పులు ఊడ్చింది.

"ఆ చివరి మాట మింగేస్తే పోయేదిగా అమ్మమ్మా," అన్నాను ఒకసారి.

"పోయేది," అంది, బురదకు పాసిన కాలివేళ్ల మధ్య పసుపు పెట్టుకుంటూ. "అప్పారావుకి పులుపు కొలత తెలీదురా. చీరలన్నీ తగలేసుంటాడు."