డ్రమ్ము అడుగు డీజిలు

డేవిడ్ బావ కారుల ముందు సీటు నాది. ఎవరో పెడితే వచ్చింది కాదు, కొట్లాడి తెచ్చుకున్న. ఐదుగురు కూసునే కారుల కూలికి పోయే ఆడోళ్లం తొమ్మిదిమందిమి ఎక్కుతం, సద్దిగిన్నెలు వేరే. వెనుక కూసుంటే ఒకరి మోకాలు ఇంకొకరి నడుముల దిగుతది. నాకు మొదలే నడుమునొప్పి. కష్టమైనోళ్లు వాళ్లు గూడ కొట్లాడొచ్చు, నేనేం వద్దంటలేను.

మా పెద్దనాయన బిడ్డ రజితను చేసుకున్నడు కాబట్టి డేవిడ్ నాకు బావ. నోట్లె నాలుక లేని మనిషి. కూరల ఉప్పు లేకపోతే గూడ చెప్పడు, తిని లేస్తడు. రజిత తర్వాత తను తిన్నంక తెలుసుకొని తలకాయ కొట్టుకుంటది. గిసుంటి మనిషి కారు నడిపి బతుకుతుండంటే నాకే నమ్మబుద్ధి కాకపోయేది. రోడ్డు మీద హారన్ గూడ కొట్టడు. ముందల బర్రె పోతుంటే అది పక్కకు జరిగేదాక దాని వెనుకనే మెల్లగ పోనిస్తడు.

వాళ్ల నాయన ధరూర్ పక్కన ఈరన్న పటేలు ఇంట్ల జీతమున్నడు. ముసలాయన చచ్చేదాక ఆ ఇంటి ఎడ్లెనుకనే తిరిగిండు. కొడుకు మీసం రాకముందే పుణె పోయిండు. ఇసుక మోసిండు, కంకర కలిపే మిషన్ కాడ నిలబడ్డడు, ఆఖరుకు అక్కడి కంట్రాక్టరు ట్రాక్టరు నడిపిండు. పెండ్లయినంక రజితను గూడ తోలుకపోయిండు. బిడ్డ తేజస్విని అక్కడ్నే రేకుల షెడ్డుల పుట్టింది. ఆ పిల్ల బడికి పోయే ఈడుకు రజిత మూటాముల్లె సర్దుకొని ఊరికొచ్చి, "ఇగ నేను రాను. నువ్వొస్తే రా, లేకుంటే నీ ఇష్టం" అన్నది. బావ వచ్చిండు. వనపర్తిల ఒక సారు పాత డీజిల్ కారు అమ్ముతుంటే, పుణెల కూడబెట్టిందంత ఊడ్చి దాన్ని కొన్నడు. కొన్ననాడు మా అందరి ముందల ఒకటే మాటన్నడు. "ఇది నడిచినన్ని దినాలు ఇంట్ల ఉంట. ఇది ఆగితే మళ్ల పుణె బస్సే." ఆ మాట రజిత మరువలె. పొద్దుగాల కారు మోగిన సప్పుడు వినేదాక ఆమె పొయ్యి ముట్టియ్యదు.

మమ్ముల ఎక్కించుకొని పోయేది గా ఈరన్న సీడుపత్తి చేనుకే. సీడుపత్తి అంటే తెల్వనోళ్లకు చెప్త. మామూలు పత్తి కాదు, విత్తనం కోసం వేసేది. సాయంత్రం ఆడ మొగ్గల పైపొర గిల్లి, గుర్తుకు ఎర్ర కాగితం చుట్టి వస్తం. తెల్లారి మగ పువ్వులు తెంపుకొచ్చి ఒక్కొక్కదానికి రుద్దాలె. క్రాసింగ్ అంటరు. ఎండ ముదిరితే పువ్వు వాడిపోతది, ఇగ రుద్దినా రుద్దకున్నా ఒకటే, కాయ పట్టదు. నిన్నటి సాయంత్రం చేసిన పనంత మట్టిపాలు. అందుకని ఈరన్నకు మేం ఎంత ముఖ్యమో, మేం టయానికి వచ్చుడు అంతకన్న ముఖ్యం.

ఇగ కిరాయి సంగతి. ఈరన్న కొంత పైసల రూపంల ఇస్తడు, కొంత డీజిల్ ఇస్తడు. మా దిక్కు పెద్ద రైతులు చానామంది ఇట్లనే చేస్తరు. ట్రాక్టరుకని డ్రమ్ము నిండ డీజిలు తెచ్చి పెట్టుకుంటరు కద, దాంట్లకెల్లే కొంత పోస్తరు. నీలిరంగు డబ్బా ఒకటి నిండుగ చేను కాడ చెట్టు కింద పెట్టి ఉంటది, బావ దాన్ని తెచ్చి, రజిత పాతచీర గుడ్డ మూతికి పెట్టి, గరాటుతోటి ట్యాంకిల పోసుకుంటడు. ఆ గుడ్డ ఎందుకు బావా అని నేను ఒకసారి అడిగిన. "ఊకె, చెత్త పడకుండ" అన్నడు.

ఈ వానాకాలం కారు తిక్క చెయ్యబట్టింది. చల్లగ ఉన్నంతసేపు బాగనే పోయేది. కాల్వ కట్ట ఎక్కే కాడ దమ్ము పట్టినోని లెక్క దగ్గేది, ఊగేది, మళ్ల ఎట్లనో ఎక్కేది. "బావా, మెకానిక్‌కు చూపియ్యరాదు" అంటే, "నడుస్తున్న బండికి చెయ్యి పెట్టొద్దు" అన్నడు. మొగోళ్లందరు ఇదే మాటంటరు, నడుస్తున్న బండికి, నొయ్యని పంటికి.

ఒకనాడు కట్ట సగం ఎక్కినంక ఆగిపాయె. తాళం తిప్పితే తిరుగుతది గని అందుకోదు. మేం దిగి నూకినం. నూకి నూకి నా నడుము పోయింది, కారు మాత్రం పోలె. ఆఖరుకు గడ్డి ట్రాక్టరొకటి వస్తే దాని మీద ఎక్కి చేను చేరేసరికి పువ్వులన్ని మెడలు వాల్చినయి. ఈరన్న గట్టు మీద నిలబడి ఉండె. మమ్ముల ఏమనలె. డేవిడ్ బావ నడుసుకుంట వచ్చినంక మాత్రం, "ఇంకొక్కసారి గిట్ల చేసినవనుకో డేవిడు, ధరూర్ నుంచి ఆటో పెట్టుకుంట. మీ నాయన మొకం చూసి ఇన్నొద్దులు ఊకున్న" అన్నడు. బావ కుక్కిన పేను లెక్క నిలబడ్డడు. నాకు రజిత యాదికొచ్చింది. ఆటో వచ్చిందంటే ఆ ఇంట్ల మొగోడు ఉండడు, అంతే.

ఆనాడు ట్రాక్టరుకు కట్టి కారును గద్వాల తీసుకపోయినం. నేనెందుకు పోయినంటే, నాకు నడుముకు గోలీలు కావాలె, పైగ బావ ఒక్కడే పోతే మెకానిక్ ఏం చెప్పినా తల ఊపి వస్తడు.

మెకానిక్ వెంకటన్నకు చెయ్యి ఎంత పనిచేస్తదో నోరు అంతకు రెండింతలు పనిచేస్తది. బానెట్ ఎత్తి చూసి నవ్విండు. ఇంజన్ పక్కకు చెంబంత డబ్బా ఒకటి ఉంది, నల్లగ, మట్టి పట్టి. ట్యాంకిల డీజిలు ముందు దాంట్లకొచ్చి, లోపల కాగితం మడతలల్ల వడపోసుకొని, అప్పుడు ఇంజన్‌కు పోతదట. ఫిల్టరు అన్నడు.

"ఇది ఎప్పుడు మార్చినవే?"

"మార్చలె" అన్నడు బావ.

"నీకు అమ్మినాయన మార్చిండా?"

"నేను అడగలె."

"మంచిగున్నది. కారు పుట్టినప్పటి బొడ్డు ఇంకా కొయ్యలె మీరు" అన్నడు వెంకటన్న.

అది ఊడొస్తే కద. పట్టీ వేసి తిప్పిండు, జారింది. ఉప్పుకాగితం చుట్టి తిప్పిండు, జారింది. ఆఖరుకు పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకొని సుత్తెతోటి డబ్బాల అటు నుంచి ఇటు దిగ్గొట్టి, దాన్నే పట్టుకొని తిప్పితే కిర్రుమని ఊడింది. దాంట్ల ఉన్నది కోసిన నీళ్ల సీసల వంచి, పక్కన గోడ మీద పెట్టిండు. కొత్త ఫిల్టరు తెచ్చి, దాని రబ్బరు రింగుకు వేలితోటి డీజిలు రాసి, తన కాడ ఉన్న మంచి డీజిలు నిండ పోసి, చేత్తోనే బిగించిండు. ట్యాంకి విప్పి కడిగిండు. తర్వాత పైన చిన్న బోల్టు వదులు చేసి, చేతిపంపు నొక్కుమని బావకు చెప్పిండు. బావ నొక్కుతుంటే బోల్టు సందుల నుంచి నురుగు వచ్చింది. పైపుల గాలి పోయేదాక నొక్కాలెనట. నురుగు పోయి తేటగ కారంగనే వెంకటన్న బోల్టు బిగించిండు. తాళం తిప్పితే కారు రెండుమూడుసార్లు దగ్గి, తెల్లపొగ వదిలి, నిమ్మలంగ అందుకుంది. బావ మొకంల మళ్ల జీవమొచ్చింది.

అప్పుడు వెంకటన్న గోడ మీది సీస తెచ్చి చూపించిండు. పైన ఇంత డీజిలు, దాని కింద నీళ్లు, అట్టడుగున తుప్పు, ఒండు. సగానికి సగం నీళ్లే ఉన్నయి.

"బంకుల ఇంత గలీజు రాదు. యాడ పోపిస్తున్నవ్?"

బావ జేబుల పైసలు తీసి లెక్కపెట్టబట్టిండు.

"సరే, నాకెందుకు. మళ్ల ఇదే పోస్తే కొత్త ఫిల్టరు గూడ నాలుగొద్దులల్ల నిండుతది. పంపు గూడ పోతే నీ కారు ఇనుప సామాన్లోనికి ఇచ్చుడే."

ఇంటికి వస్తుంటే దారిల నేను వదల్లె. అడిగిందే అడిగిన. కాల్వ కట్ట ఎక్కినంక, కారు దగ్గకుండ పోయినంక, అప్పుడు చెప్పిండు.

ఈరన్న డ్రమ్ము నిండుగ ఉన్నప్పుడు పైపు పెట్టి ట్రాక్టరుకు తీస్తరు. తీసుకుంట తీసుకుంట పైపుకు అందకుండ అడుగున ఇంత మిగుల్తది. ఆ డ్రమ్మును వంచి, ఈరన్న పెండ్లాం జములమ్మ ఆ మిగిలిందాన్ని నీలి డబ్బాల పోసి పెడ్తది. బావకు వచ్చేది గదే. వాన నీళ్లు, చెమ్మ నీళ్లు, తుప్పు, అన్ని అడుక్కే దిగుతయి కద.

"నీకు ఇది ఎప్పటి నుంచి తెల్సు?" అని అడిగిన.

"ముందటి నుంచి తెల్సు. ఒండు ఉంటదని గుడ్డ పెట్టిన గద. నీళ్లు గుడ్డల ఆగుతలేవు."

"మరి అనొద్దా, నోరు పడిపోయిందా?"

"ప్రేమా, వాళ్లేం కావాలని చేస్తలేరు. ఆ ఇంట్ల ఏదైనా అడుగుదే మనకు తీసిపెడ్తరు. గాదెల అడుగు జొన్నలు, కుండల అడుగు మజ్జిగ. నాయన అట్లనే తెచ్చేటోడు, అమ్మ చెరిగి, గాలిచ్చి వండేది. నేను గూడ వడగట్టుకుంటే అయిపోతదనుకున్న."

నాకు మస్తు కోపమొచ్చింది. ఈరన్న మీద వచ్చిందో, బావ మీద వచ్చిందో అప్పుడు తెల్వలె. మా అమ్మ గూడ అట్లనే గాలిచ్చేది, ఆ రాళ్లు నేను గూడ ఏరిన.

తెల్లారి కారు మంచిగ పోయింది. వెంకటన్న పోసింది ట్యాంకిల కొంచమే ఉంది, ఆ పూటకు సరిపోతది, అంతే. చేనుకు పోయేసరికి చెట్టు కింద నీలి డబ్బా నిండుగ పెట్టి ఉంది. పక్కనే కొత్త డ్రమ్ము దిగింది. ఈరన్న పైపు పట్టుకొని ట్రాక్టరు ట్యాంకి నింపుతుండు. జములమ్మ పాత డ్రమ్మును బోర్లిస్తుంది. మేం కొంగులు చుట్టుకొని పువ్వులు తెంపనీకె పోవాలె, గని నా కాళ్లు కదల్లె. నేను కదలకపోతే మిగిలినోళ్లు గూడ నిలబడ్డరు.

బావ డబ్బా కాడికి పోయి మూత తీసి వాసన చూసిండు. మూత పెట్టిండు. ఆ డబ్బాను పట్టుకొని ఈరన్న ముందల పెట్టిండు. పోస్తే కారు ఆగుతది, వద్దంటే ఈరన్నకు రోషమొస్తది. ఎట్ల చూసినా పుణె బస్సే కనవడుతుంది. నేనే అందామని నోరు తెరిచిన, బావ చెయ్యి అడ్డం పెట్టిండు.

"పటేలా, ఇది వద్దు. దీంట్ల నీళ్లున్నయి. కొత్త డ్రమ్ముల పైనది ఇయ్యి."

ఈరన్న పైపు ఆపిండు. "ఇన్నేండ్లు లేని నీళ్లు ఇయాల ఎట్లొచ్చినయిరా?"

"ఇన్నేండ్లు గూడ ఉన్నయి."

"ఉంటే చెప్పకపోతివి. మీ నాయన అడగలె, నువ్వు అడగకపోతివి. అడగంది అమ్మయినా పెట్టదంటరు, నాకెట్ల తెలుస్తది?"

ఆయన తిట్టలె, ఉన్న మాటే అన్నడు. అందుకే అది నా గుండెల గుచ్చుకుంది. బావ ఇగ తల వంచుకుంటడనుకున్న. గని బావ ట్రాక్టరు దిక్కు చూసిండు. గొంతు గూడ పెంచలె.

"ట్రాక్టరు అడిగిందా పటేలా?"

జములమ్మ చేతుల బోర్లించిన డ్రమ్ము అట్లనే ఉంది. ఈరన్న ఒకసారి పైపును చూసుకున్నడు, ఒకసారి బావను చూసిండు. ఆయన మొకం ఎర్రబడ్డది. ఇగ అయిపోయింది, ఆటో పిలుస్తడనుకున్న.

"జములా" అన్నడు ఈరన్న, మొకం అటు తిప్పుకొని, "ఆ డబ్బాల ఉన్నది చెదలు పట్టిన గుంజలకు పుయ్యనీకె ఉంచు. డబ్బా కడిగి కొత్తదాంట్ల పైనది పొయ్యి." తర్వాత మా దిక్కు తిరిగి, "మీరేం చూస్తున్నరు, పువ్వులు వాడుతలేవా?" అని కసిరిండు.

మేం చేన్లకు నడిచినం. నాకు ఏడుపొచ్చింది, సంతోషం గూడ అయింది. కొంగుతోటి మొకం తుడుసుకొని పువ్వులు తెంపిన.

ఆ సీజనంత ఈరన్న డేవిడ్ బావతోటి మాట్లాడలె. ఏం చెప్పాలన్నా జములమ్మతోటి చెప్పించిండు, ఎదురుగ ఉన్నా సరే. నాకైతే అది చూస్తే ఒళ్లు మండేది. "ఆ మనిషికి ఎంత పొగరు బావా, మాటగూడ ఆడడు" అని ఒకనాడు కారుల అన్న.

"ఆడకపోతే ఆడకపోనీ" అన్నడు బావ, బర్రె వెనుక కారును మెల్లగ పోనిచ్చుకుంట. "పైనది పోస్తుండు గద."