అక్కర లేదన్న వంతెన

రేగులపల్లె పంచాయతీ కార్యదర్శిగా నేను చేసిన తప్పేమిటో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. సర్పంచ్ వజ్రమ్మ ఒక మాట చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆ మాట చివరికి ఆమె ఇంటాయన ప్రాణం కాపాడే వంతెనకే అడ్డం పడింది. తప్పు చెప్పినామెదా, రాసిన నాదా, చదివిన ఆఫీసు వాళ్లదా అని ఎంత ఆలోచించినా ఎవరి మీదా కోపం నిలవదు. నా మీద నాకు వస్తుంది గానీ టీ తాగేసరికి అదీ చల్లారిపోతుంది.

మా ఊరు చిల్పూర్ మండలంలోది. ఊరికీ మెయిన్ రోడ్డుకూ మధ్య ఒక వాగు, దాని మీద నేలబారు సిమెంటు దారి. గట్టి వాన పడితే నీళ్లు ఆ దారి మీదుగానే పోతాయి. అప్పుడు ఊరు ఇవతల, లోకం అవతల. వజ్రమ్మకు యాభై దాటాయి. పత్తి చేను, రెండు బర్రెలు, ఇరవై మంది ఆడవాళ్లతో నడిపే చీటీ, ఇదీ ఆమె సంసారం. భర్త ఐలేశ్‌కు మూడేళ్ల కింద కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు, బుధవారం ఒకసారి, శనివారం ఒకసారి, జనగామ పెద్ద దవాఖానలో డయాలసిస్ చేయించుకోవాలి. ఒకటి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, రెండు తప్పితే మనిషి దక్కడని డాక్టర్లు మొహం మీదే చెప్పారు.

మొన్నటి ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చింది. వజ్రమ్మ నిలబడింది. ఇంటింటికీ తిరిగి వంతెన తెస్తానని ఒక్కటే మాట చెప్పింది, గెలిచింది. గెలిచిన నాటి నుంచి మాత్రం ఆమెకు ఒక పీడ పట్టుకుంది. వంతెన అని నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఐలేశ్ వైపు చూసి నవ్వుతారు. "మొగని కోసం సర్పంచైంది" అని ఒకరిద్దరు అననే అన్నారు. నిజానికి ఆ వంతెన మూడు వందల గడపలకూ కావాలి. ఆ సంగతి అన్నవాళ్లకూ తెలుసు.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలిచ్చుకునే ప్రజావాణి ఉంటుంది. చుట్టుపక్కల ఐదు ఊళ్ల కొత్త సర్పంచులూ ఎవరి కాగితం వాళ్లు పట్టుకొని వచ్చేవాళ్లు. ఒకరిది బడి, ఒకరిది రోడ్డు, ఒకరిది నీళ్ల ట్యాంకు, ఒకరిది కల్వర్టు, మాది వంతెన. కాగితం మీద ముద్ర పడేది, పై ఆఫీసుకు పంపామనేవాళ్లు, ఇంటికొచ్చేవాళ్లం. రెండు నెలలు ఇదే తంతు. అటెండర్‌కు మా మొహాలు చుట్టాల మొహాల్లా అలవాటైపోయాయి.

ఒక సోమవారం బయట టీ కొట్టు దగ్గర వజ్రమ్మ గ్లాసు కింద పెట్టి అంది:

"మనం ఐదుగురం చీటీ కడ్తం."

గట్టుకిందిపల్లె సర్పంచ్ పోశాలు నవ్వాడు. చిన్నవాడు, డిగ్రీ చదివాడు. "ఏం చీటీ అక్కా?"

"పనుల చీటీ. ఐదుగురం ఐదు అడుగుతె ఒక్కటి ఇస్తలేరు. ఐదూళ్లు కలిసి ఒక్కటే అడుగుదం. ఈసారి ఒకలకు, తర్వాత ఇంకొకలకు. పని అయినోళ్లు సుత మిగిలినోళ్ల కోసం వస్తనే ఉండాలె. చీటీ ఎత్తుకున్నంక కిస్తు ఎగ్గొడ్తరా ఎవలన్న?"

జిల్లాకు వచ్చిన నిధులను ఏ ఊళ్లో ఖర్చు పెట్టాలో కలెక్టరేట్‌లో తేల్చకముందే ఈ ఐదుగురూ టీ కొట్టు దగ్గర తేల్చుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. అంత తెలివైన మాట ఆ ఆవరణలో నేనెప్పుడూ వినలేదు.

మొదటి వంతు ఎవరిది? చీటీ నడిపేవాళ్లదే మొదటి చీటీ, అది అందరికీ తెలిసిన పద్ధతి. పోశాలే ముందు అన్నాడు: "నువ్వే తీస్కో అక్కా. బావ సంగతి మాకెరుకే కదా."

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో! వజ్రమ్మ మొహం మాడిపోయింది. "వద్దు. నీ బడి స్లాబు పెచ్చులు ఊడుతున్నయి. పిల్లగాండ్ల నెత్తి మీద పడితె ఎట్ల? ముందు నీది కానియ్యి" అని లేచిపోయింది.

ఐదు ఊళ్లలోనూ గ్రామసభలు పెట్టి, గట్టుకిందిపల్లె బడికి మద్దతుగా తీర్మానం చేయాలని అనుకున్నారు. మా ఊరి సభ ఫిబ్రవరిలో జరిగింది. పోశాలు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. వజ్రమ్మ లేచి, అతని వైపు చూస్తూ గట్టిగా చెప్పింది:

"మా ఊరికి ఇప్పుడు వంతెన అక్కర లేదు. ముందు పోశాలు తమ్ముని బడి కానియ్యుండ్రి."

సభ చప్పట్లు కొట్టింది. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది ఐలేశ్. నేను ఆ రెండు వాక్యాలనూ పుస్తకంలో రాశాను. అంతకు ముందు సంవత్సరం, సభ జరగకుండానే ఇంట్లో కూర్చొని తీర్మానం రాశానని నాకొక మెమో వచ్చింది. అప్పటి నుంచి ఎవరు దగ్గినా రాసేటంత భయం పట్టుకుంది నాకు. చదివి వినిపించాను, వజ్రమ్మ సంతకం చేసింది, వార్డు మెంబర్లు సంతకాలు చేశారు. ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు.

ఎందుకు అడగలేదో నాకు తర్వాత తెలిసింది. వజ్రమ్మ చీటీలో ఒక మర్యాద ఉంది. తన వంతు ఇంకొకరికి వదులుకునే మనిషి అందరి ముందూ "నాకు అక్కర లేదు" అని చెప్పాలి. లేకపోతే తీసుకునేవాళ్లకు గుంజుకున్నట్టు ఉంటుంది. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఆ మాట చెప్పాల్సిందే. విన్నవాళ్లందరికీ అసలు సంగతి తెలుసు, తెలిసీ తలూపుతారు. ఆ రోజు సభలో ఆ మర్యాద తెలియని మనిషిని నేనొక్కడినే. నాది జనగామ టౌను, మా అమ్మకు చీటీలంటే భయం.

ఐదు ఊళ్లు కలిసి ఒక్క ఊరి కోసం రావడం జిల్లా ఆఫీసులో వింతైపోయింది. పెద్ద సారు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. ఏప్రిల్‌లో బడికి మంజూరు వచ్చింది. జిల్లా పేజీలో ఐదుగురి ఫొటో పడింది. వజ్రమ్మ ఆ పేపర్ ముక్కను ఐలేశ్ మందుల డబ్బాలో దాచింది. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. దేశమంతా ఇట్లా నడిస్తే ఎంత బాగుండు అని ఒకరిద్దరికి ఉపన్యాసం కూడా ఇచ్చాను, సిగ్గు లేకుండా.

ఆగస్టులో వాన పట్టుకుంది. మంగళవారం పొద్దున వాగు దారి మీదికి ఎక్కింది. బుధవారం ఐలేశ్ పోలేకపోయాడు. గురువారం తగ్గుతుందనుకుంటే ఇంకా పెరిగింది. శుక్రవారం నాటికి అతని మొహం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి, పడుకుంటే ఊపిరి అందడం లేదు. అవతల గట్టు నుంచి పోశాలు జేసీబీ తెప్పించాడు. దాని ముందు తొట్టిలో ఐలేశ్‌ను కూర్చోబెట్టి, పక్కన వజ్రమ్మ అతని తల పట్టుకొని కూర్చుంటే, నడుము లోతు నీళ్లలో దాటించారు. నేను ఊరి వైపు గట్టు మీద నిలబడి చూస్తున్నాను. ఒక సర్పంచ్‌ను, ఆమె భర్తను, మట్టి ఎత్తినట్టు ఎత్తి ఒడ్డున దించారు. నాలుగు రోజులు దవాఖానలో ఉండి అతను బతికి వచ్చాడు.

వానలు తగ్గాక, దెబ్బతిన్న వాగు దారులకు కొత్త వంతెనలు కడతారని తెలిసింది. జాబితా చూడడానికి పరుగెత్తాను. మా మండలం నుంచి నాలుగు ఊళ్ల పేర్లున్నాయి, మా ఊరి పేరు లేదు. ఇంజనీరు సారును అడిగితే ఆయన ఫైలు తిప్పి, ఫిబ్రవరి తీర్మానం నా ముందు పెట్టాడు.

"మాకు వంతెన అక్కర లేదని మీరే రాసిచ్చిండ్రు గదా దిలీప్? అక్కర ఉన్నోళ్లకు పెట్టినం."

అది నా చేతిరాతే. కింద వజ్రమ్మ సంతకం. మిగిలిన మూడు ఊళ్ల కార్యదర్శులు "మద్దతు తెలుపుతున్నాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. వాళ్ల సర్పంచులూ అక్కర లేదనే అని ఉంటారు. కాకపోతే రాసేవాళ్లకు చెవులు నాకంటే నయం.

"అది ఊరికే మర్యాదకు అన్న మాట సార్" అన్నాను.

"మర్యాద అయితె ఫైల్ల ఎందుకు పెట్టినవయ్యా?" అన్నాడాయన. వెక్కిరింపు కాదు, ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. చివరికి ఆయనే జాలిపడి, సోమవారం లోపల కొత్త తీర్మానం తెమ్మన్నాడు. అక్కర ఏమిటో, ఎవరికో స్పష్టంగా ఉండాలన్నాడు. పోశాలు, మిగిలిన ముగ్గురూ మేం రాసిస్తామని ముందుకొచ్చారు. మీ ఊరి మాట మీ ఊరే చెప్పాలని ఆఫీసు వాళ్లు ఒప్పుకోలేదు.

శనివారం సాయంత్రం సభ పెట్టాం. పోశాలు కూడా వచ్చాడు. ఐలేశ్ డయాలసిస్ నుంచి వచ్చి గోడకు ఆనుకొని వెనక కూర్చున్నాడు. వజ్రమ్మ లేచి కొంగు సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది. ఇరవై ఏళ్లు చీటీ నడిపిన మనిషి, నాకు కావాలి అని నలుగురిలో ఎప్పుడూ అనలేదు.

"రాయి సారూ. పోయినపారి నేను అబద్ధం చెప్పిన అని రాయి."

"అట్లా రాయకూడదమ్మా, మీ మీదికే వస్తుంది."

"అబద్ధం గాకుంటె మరి ఏందది? నువ్వే చెప్పు."

నిజం కాదు, అబద్ధమూ కాదు. ఆ రెండూ కానిదానికి మా పుస్తకంలో గడి లేదు. "అదంతా వద్దు. ఇప్పుడు వంతెన ఎవరికి అక్కరో చెప్పండి చాలు" అన్నాను.

ఆమె నేల చూసింది, పోశాలు వైపు చూసింది, చివరికి చెప్పింది. "మా ఇంటాయనకు. పేరు ఐలేశ్. వారానికి రెండుమార్లు జనగామ పోవాలె. వాగు వస్తె పోలేడు. పోకుంటె సస్తడు. ఇగ రాసుకో."

పెళ్లైన ముప్పై ఏళ్లలో ఆమె భర్త పేరు పలకడం ఎవరూ వినలేదట. ఎవరూ నవ్వలేదు. నేను గబగబా రాస్తున్నాను. అప్పుడు వెనక నుంచి ఐలేశ్ గోడ పట్టుకొని లేచాడు.

"నా పేరు కొట్టెయ్యి సారూ. నాకేం అక్కర లేదు. నేను ఇయ్యాల ఉంట, రేపు పోత. బడి పిల్లగాండ్లకని రాయి."

వజ్రమ్మ గిర్రున తిరిగింది. "నోర్ముయ్! ఇంకొక్క మాట మాట్లాడినవంటె మంచిగుండదు!" అని అరిచి, అక్కడే కింద కూలబడి ఏడ్చింది. సభలో ఉన్న నూటయాభై మందీ నా వైపే చూస్తున్నారు. సభలో ఎవరన్న మాటైనా రాయాలి, రూలు అదే. ఐలేశ్ ఆ మాట మర్యాదకన్నాడా, ఆమె సిగ్గు కాపాడదామనా, లేక నిజంగానే విసిగిపోయాడా? నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

"ఏమన్నావు మామా? వినపడలేదు" అన్నాను.

అతను మళ్లీ చెప్పాడు. నేను తల వంచుకొని, అతని మాట రాయకుండానే వజ్రమ్మ మాట కింద ముగింపు గీత గీసి, పుస్తకం ఆమె ఒళ్లో పెట్టి సంతకం చేయమన్నాను.