రాని ఉద్యోగానికి కోసిన కేకు

ఆ రోజుల్లో అమీర్‌పేటకు ఆదివారం పొద్దున ఒక్కటే నిద్రపోయే వేళ. (ఆ రోజుల్లో అన్నానని నన్ను ముసలివాళ్ళలో కలపకండి. మెట్రో రైలు అప్పటికే తలమీద తిరుగుతోంది, నేను కింద నడుస్తున్నాను, అంతే తేడా.) వారమంతా కరపత్రాలు పంచేవాళ్ళతో, ల్యాప్‌టాప్ సంచులతో, బజ్జీల నూనె వాసనతో ఊపిరాడని సందులు ఆ ఒక్క పూట అటు తిరిగి పడుకున్నట్టుండేవి. ఫ్లెక్సీల మీద ఉద్యోగం గ్యారంటీ అని నవ్వుతున్న కుర్రాళ్ళ ముఖాలకు లేత ఎండ తగిలేది. "మీకొచ్చిందా మరి?" అని వాళ్ళను పలకరించి, నేను పంజాగుట్ట వైపు నడిచేవాణ్ణి.

మా సంఘానికి సొంత మందిరం లేదు. ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో, క్లాసు గదిలో కూడేవాళ్ళం. మిగతా వారమంతా నేను జావా నేర్చుకునేదీ ఆ గదిలోనే. మా సారు శనివారం బోర్డు మీద రాసి చెరపడం మరిచిన ప్రోగ్రాము ముందు నిలబడి ఆదివారం పాస్టరుగారు ప్రసంగించేవారు. రెండూ నాకు సమానంగానే అర్థమయ్యేవి.

ప్రసంగానికి ముందు సాక్ష్యాలుండేవి. మేలు జరిగినవాళ్ళు ముందుకొచ్చి, మైకు పట్టుకుని, అది అందరికీ చెప్పాలి. జ్వరం తగ్గినా, అద్దె ఇల్లు దొరికినా, పిల్లకు సంబంధం కుదిరినా సాక్ష్యమే. చెప్పేవాళ్ళు మధ్యలో తడబడితే అందరూ "స్తోత్రం" అని అందుకునేవారు. కదులుతున్న బస్సు ఎక్కబోయి జారినవాణ్ణి లోపలివాళ్ళు చెయ్యిపట్టి లాగినట్టుండేది. అందరికంటే ముందు లాగేది ఎర్రగడ్డ నుంచి వచ్చే ఆంటీ. వాక్యం ఎటు పోతోందో చూసుకునే అలవాటు ఆవిడకు లేదు. మనిషి ఆగితే చాలు, వెనక వరుసలోంచి స్తోత్రం వచ్చి పడేది. ఊళ్ళో చదువు అయిపోయి, హాస్టల్లో ఒక మంచం అద్దెకు తీసుకుని, ఇంటర్వ్యూలన్నీ పోగొట్టుకుంటున్న నాకు మాత్రం చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. సాక్ష్యాలప్పుడు వంగి బూటు లేసులు కట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. (నేను వేసుకునేది చెప్పులు.)

అలా ఉండగా సోమాజిగూడలో ఒక కంపెనీ నన్ను చివరి రౌండు దాకా రానిచ్చింది. లేచి వస్తుంటే అక్కడి మేడమ్ నవ్వింది. ఈ సంగతి యూత్ మీటింగులో గిటార్ అన్నకు చెప్పాను. పాటలకు గిటారు వాయించేది ఆయనే.

"నవ్విందా? ఇంకేంది తమ్మీ, అయిపోయినట్టే! జర ఫికర్ చెయ్యకు."

"నవ్వు ఆఫర్ లెటర్ కాదన్నా."

"నీకు విశ్వాసం తక్కువుంది, గంతే."

పక్కనే మాకు టీ పోస్తున్న ఆంటీ ఆ మాట అందుకుంది. "వచ్చాక కృతజ్ఞత ఎవరైనా చెప్తారు బాబూ. రాకముందే చెప్పాలి. అదీ విశ్వాసమంటే." మా వాళ్ళకు ఈ అలవాటుంది, దేవుడికి అడ్వాన్సుగా థాంక్స్ చెప్పేస్తారు. ఆయన మాట తప్పలేని స్థితిలో పడతాడని వాళ్ళ లెక్క.

శనివారం సాయంత్రం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. నన్ను తీసుకోలేకపోతున్నారట, నా భవిష్యత్తుకు శుభాకాంక్షలట. నా భవిష్యత్తును ఇంత మర్యాదగా తలుచుకునేది ఉద్యోగం ఇవ్వనివాళ్ళే. బ్యాగు సర్దేశాను. ఆదివారం సాయంత్రం బస్సుకు ఒంగోలు వెళ్ళిపోయి, నాన్న పిలుస్తున్నట్టు ఆయన కొట్లో కూర్చుందామని, ఇక ఈ ఊరు వద్దని ఖాయం చేసుకున్నాను. చివరిసారి ఆరాధనకు వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా జారుకోవాలన్నది పథకం.

మూడో అంతస్తు ఎక్కి చూద్దును కదా, సారు బల్ల మీద కంప్యూటర్ ఆకారంలో కేకు. జెమ్స్ బిళ్ళలతో కీబోర్డు. తెర మీద నా పేరు, దాని కింద సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అని తెల్లటి క్రీముతో. ఎండకు తెర ఒక పక్కకు జారుతోంది. కిటికీలోంచి పడుతున్న వెలుగులో దుమ్ము నెమ్మదిగా తేలుతుంటే, గిటార్ అన్న ఏదో పాత రాగం మీటుతుంటే, అదంతా ఎవరో అదృష్టవంతుడి కలలోకి పొరపాటున వచ్చి పడ్డట్టనిపించింది. "మన తమ్ముడు ముందుకు వస్తాడు" అన్నారు పాస్టరుగారు. తమ్ముడి కాళ్ళు వెళ్ళాయి. తమ్ముడు వెనకే వెళ్ళాడు.

మైకు తీసుకున్నాను. వాళ్ళంతా పరీక్ష రాసిన పిల్లాడి తల్లుల్లా చూస్తున్నారు.

"నాకు ఉద్యోగం రాలేదు" అన్నాను. ఆగాను.

"స్తోత్రం!" అంది ఆంటీ.

ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు గిటార్ అన్న నవ్వాడు, తర్వాత గదంతా నవ్వింది, చివరికి నేనూ. నిజానికి ఏడుపు గొంతు దాకా వచ్చింది కానీ, సరిగ్గా అప్పుడే మైకు కీచుమనడంతో బెదిరి వెనక్కి పోయింది.

నవ్వు తగ్గాక గిటార్ అన్న లేచాడు. "నేను సుత ఒకటి చెప్పాలె. నా డిగ్రీ అయిపోలే. రెండు సబ్జెక్టులు ఇంకా ఉన్నయ్. మా బాపుకు సుత తెల్వదు."

మూడో వరుసలోంచి వాళ్ళ బాపు, "ఇప్పుడు తెలిసింది. కూసో" అన్నాడు.

తర్వాత ఆంటీ లేచింది. మైకు అడగలేదు. "మా ఆయన తాగుడు మానేశాడని మొన్న సాక్ష్యం చెప్పాను కదా. వారం తిరక్కుండానే మళ్ళీ మొదలెట్టాడు. ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను" అంది. తడబడింది. ఆవిడకు స్తోత్రం అందించేవాళ్ళు ఆ గదిలో అంతవరకూ ఎవరూ లేరు, ఆ పని ఆవిడదే కాబట్టి. తర్వాత అందరం ఒక్కసారే అన్నాం, మెల్లగా, పడుకున్న బిడ్డ పక్కన మాట్లాడినట్టు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుని, "ఇవాళ నా ప్రసంగం అక్కర్లేదనుకుంటా" అన్నారు. దానికి వచ్చిన స్తోత్రం రోడ్డు మీదికి వినబడి ఉంటుంది.

కేకు కోశాం. "ఉద్యోగం రాలేదని కేకుకేం తెలుసు బాబూ, తిను" అని ఆంటీ కీబోర్డు ముక్క నా చేతిలో పెట్టింది.

"సాయంత్రం ఊరికెళ్ళిపోతున్నానాంటీ. ఇక రాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "పోతే పో. బుధవారం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. మా ఆయన ఇంట్లోనే ఉంటాడు, ఏ స్థితిలో ఉంటాడో తెలియదు. కుర్చీలు మోయడానికి నువ్వొస్తావనుకున్నాను."

నన్ను హైదరాబాదులో నిలబెట్టింది ఆశయమనో పట్టుదల అనో రాసుకుంటే గౌరవంగా ఉండేది. నిలబెట్టింది మాత్రం ప్లాస్టిక్ కుర్చీలు. బుధవారం వాటిని ఎర్రగడ్డలో మేడ మీదికి మోస్తుంటే దొంతర ఒకవైపు నేను, ఇంకోవైపు తూలుతూనే ఆంటీ వాళ్ళాయన పట్టుకున్నాం. ధైర్యం చెప్పేవాళ్ళు ధైర్యం మాటల్లోనే చెప్తారని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. నువ్వు లేకపోతే ఈ పని ఆగుతుందని ఒకరు అనడం కూడా అదేనని ఆ మెట్ల మీద తెలిసింది. (నడుము నొప్పి కూడా.)

కొన్నాళ్ళకు లక్డీకాపూల్‌లో ఒక చిన్న కంపెనీ నన్ను తీసుకుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దం ముందు సాధన చేసి, సాక్ష్యం చెప్పాను. అంతా సరైన చోట్ల స్తోత్రం అన్నారు. మెట్లు దిగుతుంటే గిటార్ అన్న భుజం మీద చెయ్యేశాడు. "మంచిగనే చెప్పినవ్ తమ్మీ. గని రాలేదని చెప్పిననాడు ఉన్న మజా రాలే."

అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు, పని ఒత్తిడిలో ఎవరి సంగతి ఎవరికీ పట్టని ఆఫీసులో కూర్చుని, ఒక్కోసారి వాణ్ణి తలుచుకుంటాను. నలిగిన చొక్కాతో, చెరపని బోర్డు ముందు, చేతిలో మైకు తప్ప ఏమీ లేకుండా నిలబడ్డ ఆ కుర్రాణ్ణి. జాలి పడదామనే మొదలుపెడతాను. కాసేపటికి చూసుకుంటే, వాడి మీద కొంచెం అసూయగా ఉంటుంది.