తడి ఇసుకలో భైరవ అడుగులు

ఈ రోజు సముద్రపొడ్డునున్న యారాడ నుంచి మా బావ అప్పలరాజు కుక్క భైరవను పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ముందరి ఎడమ కాలి మోచేతికి ఆపరేషనై మూడు నెలలు. ఏ కాలు ఎంత బరువు మోస్తోందో చెప్పే చాప మీద ఆపరేషన్‌కు ముందు నడిపించారు, మళ్లీ ఇవాళ నడిపించారు. చాపంటే మనం పడుకునేది కాదు, కంప్యూటర్‌కు కట్టేసింది.

ఆవిడ కంప్యూటర్ చూడకముందే బావ అన్నాడు, "రెండు కాళ్లూ ఒకేలాగ మోపుతంది, డాక్టరమ్మా."

"మీకెలా తెలుసు?"

"పొద్దున్నే తడి ఇసకలో నడిపించి, అడుగుల్లో ఏలెట్టి సూసాను. ఆపరేషన్‌కి ముందు ఇలాగే సూత్తే ఎడమడుగు గోరంత కూడా దిగలేదు. ఇప్పుడు రెండూ సమానం."

కంప్యూటర్ కూడా అదే చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, ఆదివారం ఆ ఇసుక చూడ్డానికి వస్తానంది. ఇంతకీ ఇవాళ పరీక్ష పాసైంది భైరవా, బావా, కంప్యూటరా? మీరే చెప్పండి.